హెడ్డే లేని ఇంజన్‌కి హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు – విజయవాడ ఆటోనగర్ రేడియేటర్ షాపు రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు. రాస్తానని అడిగితే షాపు నడిపే భాయ్ ఒప్పుకోలేదు, "పేరెందుకండీ, ఉన్న పనికే కుర్రాళ్ళు లేరు, కొత్తోళ్ళు వచ్చి కూర్చుంటే పాత లారీ వాళ్ళు నన్ను తిడతారు" అన్నాడు. గుర్తులు చెప్తా, ఆటోనగర్ తిరిగినవాళ్ళు పట్టేస్తారు. లారీ బాడీలు కట్టే లైన్లోకి వెళ్తే ఒక సందులో రేకుల షెడ్డు, బయట గోడకి ఆనించి పాత లారీ రేడియేటర్లు ఒక ఇరవై దాకా ఉంటాయి, లోపల నల్లటి నీళ్ళతో సిమెంటు తొట్టి, దాని పక్కనే గాలి పంపు. రేడియేటర్‌కి గాలి పట్టించి ఆ తొట్టిలో ముంచుతారు, బుడగలు ఎక్కడ వస్తే అక్కడ కన్నం. అంతే, ఏసీ వెయిటింగ్ రూమూ లేదు, కాఫీ మెషినూ లేదు, కూర్చోడానికి ఒక లారీ సీటు ఉంది, దాని స్ప్రింగు ఒకటి బయటికొచ్చింది, చూస్కుని కూర్చోండి.

ఇప్పుడు బండి సంగతి. మా బాబాయ్ ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ళుండి తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకున్న 2005 మోడల్ మజ్దా ఆర్‌ఎక్స్-8. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు క్లచ్ తొక్కలేడు, సీటు కూడా మరీ కిందకి ఉంటుంది, ఎక్కితే దిగలేడు, అందుకే ఏడాదిగా నేనే నడుపుతున్నా. ఆటోనగర్‌లో ఎవరికి ఫోన్ చేసి మజ్దా అన్నా మొదటి ప్రశ్న ఒకటే, "స్వరాజ్ మజ్దానా? వ్యానా, బస్సా?" ఒకాయనైతే ఎయిర్ బ్రేకులా అని కూడా అడిగాడు. మన దగ్గర మజ్దా కార్ల షోరూమే లేదు కాబట్టి వాళ్ళ తప్పేం లేదులెండి.

దీని ఇంజన్ మామూలు ఇంజన్ కాదు, రోటరీ. పిస్టన్లు ఉండవు, వాల్వులు ఉండవు, టైమింగ్ చైన్ ఉండదు. మూడు మూలల ముక్క ఒకటి లోపల గిర్రున తిరుగుతుంది, అలాంటివి రెండు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. మన స్విఫ్ట్ కంటే కొంచెం పెద్ద ఇంజన్ అంతే, కానీ 9000 ఆర్‌పీఎం దాకా లాగుతుంది, ఆ సౌండ్ వింటే తెలుస్తుంది మా బాబాయ్ దీన్ని ఎందుకు వదల్లేదో. 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారుతో మొదలుపెట్టి మజ్దా వాళ్ళు దశాబ్దాల పాటు ఈ ఇంజన్ని పట్టుకుని వేలాడారు, మిగతా కంపెనీలన్నీ మధ్యలోనే చేతులెత్తేశాయి. 2012లో ఆర్‌ఎక్స్-8 కూడా ఆగిపోయింది.

ఏప్రిల్ చివర్లో మొదలైంది హీట్ ప్రాబ్లం. సిటీలో ఏమీ ఉండదు, బెంజ్ సర్కిల్ దగ్గర పావుగంట ఇరుక్కున్నా సైలెంటుగా ఉంటుంది. వారధి దాటి గుంటూరు రోడ్డెక్కి ఒక 90, 100 మీద పోతుంటే మంగళగిరి దాటాక టెంపరేచర్ ముల్లు సగం నుంచి పైకి కదిలింది. మామూలు కారైతే ముల్లు కదిలితే సర్లే చూద్దాం అనుకుంటాం. ఇందులో అలా కుదరదు, ఎందుకంటే ఈ కార్లో ఆ ముల్లు పెద్ద అబద్ధాలకోరు. లోపల 85 ఉన్నా సగం దగ్గరే ఉంటుంది, 100 ఉన్నా సగం దగ్గరే ఉంటుంది, డ్రైవర్ కంగారు పడకూడదని కంపెనీ వాళ్ళే అలా పెట్టారు, అది పైకి లేచిందంటే అప్పటికే కొంప అంటుకున్నట్టు లెక్క. నేను వెంటనే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, అద్దాలు దించి, పక్కకి తీసి ఆపా. మే నెల రాబోతుండగా గుంటూరు హైవే మీద హీటర్ వేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంతైనా లాగుతుంది.

మొదట తీసుకెళ్ళింది ఈ భాయ్ దగ్గరికి కాదు. రోడ్డు మీద అద్దాల బిల్డింగు, యూనిఫాంలు, ట్యాబ్‌లో జాబ్ కార్డు, ఆ టైపు మల్టీబ్రాండ్ వర్క్‌షాపు ఒకటి, పేరు వద్దు. బానెట్ ఎత్తి, ఇంజన్ కవర్ చూసి, కూలెంట్ బాటిల్ చూసి, పది నిమిషాల్లో అడ్వైజర్ గారు తేల్చేశాడు: "సార్ హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, స్కిమ్మింగ్ చేయించాలి, 85 వేలు అవుతుంది." (మామూలు ఇంజన్‌కి సిలిండర్ల పైన బిగించే మూత హెడ్, దాని కింద నీళ్ళూ మంట గ్యాసూ కలవకుండా ఆపే పల్చటి పొర హెడ్ గ్యాస్కెట్, హెడ్ అడుగు చదును చేయడం స్కిమ్మింగ్.) నేను నవ్వాలా ఏడవాలా తెలీక, సరే అండి హెడ్ ఎక్కడుందో ఒకసారి చూపించండి అన్నా. ఆ కుర్రాడు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు పాపం. ఈ ఇంజన్‌కి హెడ్డే ఉండదు! హెడ్ లేనప్పుడు గ్యాస్కెట్ ఎక్కడి నుంచి పోతుంది? అయినా తగ్గలేదు, "అయితే థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుంది సార్, మన ఎండలకి అది అక్కర్లేదు" అని, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోకుండా ఆపే ఆ వాల్వుని పీకేసి, ఉన్న కూలెంట్ పారబోసి బోరు నీళ్ళు పోసి, 2,500 తీసుకుని పంపారు.

మర్నాడు మంగళగిరి దాకా కూడా రాలేదు, తాడేపల్లిలోనే ముల్లు లేచింది.

అప్పుడు చేసిన మంచి పని ఒకటే, ఓబీడీ డాంగిల్ కొన్నా. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్లో అసలు టెంపరేచర్ డిగ్రీల్లో కనిపిస్తుంది. ఓబీడీ ఉన్న ఫారిన్ కార్లు (అమెరికావైతే 1996 నుంచి, యూరప్ పెట్రోల్ కార్లైతే 2001 నుంచి) ఎవరి దగ్గరున్నా ముందు అది కొనండి, డాష్‌బోర్డు ముల్లుని నమ్మకండి. ఇంకా పాతవి, ఆర్‌ఎక్స్-7 లాంటివి ఉన్న అదృష్టవంతులు ఎవరైనా ఉంటే విడిగా మీటర్ బిగించుకోవాల్సిందే.

లారీల ట్రాన్స్‌పోర్ట్ చేసే ఫ్రెండ్ ఒకడు చెప్తే భాయ్ దగ్గరికి వెళ్ళా. అరవై దాటిన మనిషి, కళ్ళజోడుకి ఒకవైపు తీగ కట్టి ఉంటుంది. కారు చూసి అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు, ఇది మజ్దానా అని, కానీ బానెట్ ఎత్తలేదు. లారీ సీటు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆగున్నప్పుడు ఎక్కుతుందా, పోతున్నప్పుడు ఎక్కుతుందా? ఏసీ వేస్తే తేడా ఉందా? నీళ్ళు తగ్గుతున్నాయా, తగ్గితే కింద మరక ఉందా? పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ ఉందా, తియ్యటి వాసన వస్తుందా? ఇంతకుముందు ఎవరు ముట్టుకున్నారు, ముట్టుకుని ఏం పీకారు? ఆఖరి ప్రశ్న మాత్రం రెండుసార్లు అడిగాడు.

నాకు ఈ షాపు నచ్చింది అక్కడే. ఆగున్నప్పుడు హీటెక్కి, పోతుంటే చల్లబడితే ఫ్యాన్ వైపు చూడాలి, ఫ్యాన్ మోటరో, రిలేనో, ఫ్యూజో. ఆగున్నప్పుడు బానే ఉండి స్పీడు మీద ఎక్కితే ఫ్యాన్‌కి సంబంధం లేదు, గాలి రేడియేటర్ గుండా పోవట్లేదు లేదా నీళ్ళు తిరగట్లేదు. ఏ స్పీడు అని లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కి, నీళ్ళు మాయమవుతుంటే అప్పుడు ఇంజన్ని అనుమానించాలి. భాయ్ ఇదంతా ఒక్క స్పానర్ పట్టకుండా చెప్పాడు. 85 వేల ఎస్టిమేట్ ఇచ్చినాయన ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంజన్ గురించి నేను చెప్పాల్సి వచ్చింది, ఆయన ఎప్పుడూ చూళ్ళేదు. లోపల మూడు మూలల ముక్క తిరుగుతుంది అంటే "సమోసానా" అన్నాడు, అప్పట్నుంచి షెడ్డులో అందరికీ అది సమోసా ఇంజనే. ఫోన్లో వీడియో చూపించా, నోరు తెరుచుకుని మూడుసార్లు చూశాడు. నేను ఊపులో 1991లో ఫ్రాన్స్‌లో లీమాన్స్ 24 గంటల రేసు గెలిచింది ఈ జాతి ఇంజనే భాయ్, నాలుగు రోటర్లది, అన్నా. "24 గంటలు తిరిగినోడు కాజా టోల్‌గేట్ దాకా పోలేకపోతున్నాడా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఒక్కసారి అర్థమయ్యాక ఆయన పట్టుకున్న పాయింటు మామూలుది కాదు. మామూలు ఇంజన్లో ఒకే సిలిండర్లోకి చల్లటి గాలీ వస్తుంది, మంటా అక్కడే మండుతుంది, కాబట్టి ఆ గోడలకి కాస్త ఊపిరి పీల్చుకునే టైం ఉంటుంది. రోటరీలో అలా కాదు, గాలి పీల్చేది ఎప్పుడూ ఒక వైపే, మంట మండేది ఎప్పుడూ ఇంకో వైపే. ఒక గోడకి ఎప్పుడూ కిటికీ, ఇంకో గోడకి ఎప్పుడూ పొయ్యి. పైగా ఇంజన్ మొత్తం పొరలు పొరలుగా ఉంటుంది, మూడు ఇనప ప్లేట్ల మధ్య రెండు అల్యూమినియం హౌసింగులు, పొడుగాటి బోల్టులు ఈ చివర నుంచి ఆ చివరికి పట్టి బిగిస్తాయి, ప్రతి పొర మధ్య నీళ్ళు కారకుండా సన్నటి రబ్బరు ఓరింగులు. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, హద్దు దాటి వేడెక్కితే ఆ రబ్బరు నలిగి ఊరుకుంటుంది. "అంటే దీనికి ప్రతి పొరా హెడ్ గ్యాస్కెట్టే అన్నమాట" అన్నాడు భాయ్. అంతే భాయ్, అంతే. ఆ ఓరింగ్ పోతే నీళ్ళు మంటలోకి, మంట గ్యాసు నీళ్ళలోకి, ఇంక ఇంజన్ మొత్తం విప్పి పొరలు విడదీయాలి, ఆ పని చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల నాకైతే దొరకలేదు. రెండు సార్లు ముల్లు లేచిన బండి, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిది అందుకే.

బండి ఆ రాత్రికి అక్కడే వదలమన్నాడు. చల్లటి ఇంజన్ చూడాలి, వేడి ఇంజన్ అన్నీ అబద్ధాలు చెప్తుంది అన్నాడు. పొద్దున్న 7 గంటలకి వెళ్ళేసరికి పై హోస్ పైపు వేళ్ళతో నొక్కుతున్నాడు. మెత్తగా ఉంది. రాత్రంతా ఆగిన ఇంజన్లో పైపు గట్టిగా ఉబ్బి ఉంటే లోపల గ్యాసు చేరినట్టు, ఓరింగ్ పోయినట్టు. మూత తీస్తే సుయ్ అనలేదు. తర్వాత కూలెంట్ బాటిల్‌కి చేతి పంపు బిగించి, మూత మీద ఎంత ప్రెషర్ అని రాసుందో అంత వరకే కొట్టి వదిలేశాడు, ఎక్కువ కొడితే పాత ప్లాస్టిక్ బాటిల్ పగుల్తుందట. ఇరవై నిమిషాలు. మీటర్ ముల్లు కదల్లేదు. ఆలోపు వెళ్ళి ఇడ్లీ తినొచ్చాం, వచ్చాక కూడా అక్కడే ఉంది.

ఇంకో టెస్టు నాది. నీలం రంగు లిక్విడ్ కిట్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించా. గాజు గొట్టంలో ఆ లిక్విడ్ పోసి కూలెంట్ బాటిల్ మూతి మీద పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పై నుంచి రబ్బరు బుడ్డితో గాలి లాగాలి. నీళ్ళలో మంట గ్యాసు ఉంటే నీలం కాస్తా పసుపు పచ్చగా మారుతుంది. బాటిల్లో నీళ్ళు గొట్టంలోకి రాకుండా లెవెల్ కొంచెం తగ్గించి పెట్టుకోవాలి, లేకపోతే టెస్టు వేస్ట్. భాయ్ ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదు, తన కుర్రాళ్ళిద్దరినీ పిలిచాడు, పక్క షెడ్డు వెల్డర్ కూడా వచ్చాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు నలుగురూ ఆ గొట్టం చుట్టూ మూగారు. నేను బుడ్డి నొక్కుతున్నా, చేయి వణుకుతోంది. అయిదు నిమిషాలు, నీలం. ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది, నీలమే. చివరికి భాయ్ కిట్ తీసుకెళ్ళి షెడ్డు బయట ఆగున్న డీసీఎం సైలెన్సర్ గొట్టం దగ్గర పెట్టి లాగి చూశాడు, అది పనిచేస్తుందో లేదో అని. పచ్చబడింది. అప్పుడు నమ్మాడు. నేను కూడా అప్పుడే నమ్మా నిజానికి.

సరే ఇంజన్ బతికుంది, మరి వేడి ఎందుకు? ఫ్యాన్లు రెండిటికీ బ్యాటరీ నుంచి డైరెక్ట్ కరెంటిచ్చాడు, రెండూ బాగానే తిరిగాయి. వాటర్ బాడీలో, అంటే నీళ్ళు తిప్పే పంపులో, ఆట లేదు, కారడం లేదు. అప్పుడు టార్చి తీసుకుని ముందు గ్రిల్లు లోంచి చూశాడు, రేడియేటర్‌కి ముందుండే ఏసీ జాలీ, అదే కండెన్సర్, శుభ్రంగానే ఉంది. వెనక నుంచి చూస్తే ఫ్యాన్లు అడ్డం. ఆ అద్దాల బిల్డింగు వర్క్‌షాపు వాళ్ళు ఇంత వరకూ చూసి "క్లీన్" అని టిక్ పెట్టారు, జాబ్ కార్డులో ఉంది. భాయ్ మాత్రం పై కవర్ క్లిప్పులు పీకి, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉన్న సందులోకి టార్చి కొట్టాడు, ఒక నిమిషం చూసి, "మీ ఇల్లు ఎక్కడండీ?" అన్నాడు.

విజయవాడే భాయ్ అన్నా. "బండి ఎక్కడ పెడతారు?" బాబాయ్ ఇంట్లో, గుంటూరు అవతల. "ఆ ఇంటి పక్కన ఏముంది?"

జిన్నింగ్ మిల్లు ఉంది.

రెండు వేళ్ళు సందులోకి దూర్చి మెల్లగా లాగాడు. దూది! చిన్న పోగు కాదు, పరుపు. బూడిద రంగులో, దుమ్మూ నూనె తుప్పరా కలిసి అట్ట కట్టి, చింపితే బొంతలాగా పొరలు పొరలుగా వచ్చింది. మిల్లు నడిచే సీజన్ మొత్తం గాల్లో లేచిన దూది కారు ముందు నుంచి లోపలికి పోయి, కండెన్సర్ దాటి రేడియేటర్ మొహం మీద కూర్చుంది. పిచికారీ గాలి కొడితే ఇంకో బుట్టెడు వచ్చింది, మధ్యలో ఒక ఎండుమిరపకాయ తొక్క కూడా, గుంటూరు కారు అని సంతకం పెట్టినట్టు. బంపర్ రెండు మూలల్లో ఆయిల్ కూలర్లు ఉంటాయి, వాటిల్లోనూ అదే. ఇది చిన్న విషయం కాదు, రోటరీలో ఆ తిరిగే సమోసాని లోపల నుంచి చల్లబరిచేది నీళ్ళు కాదు, ఇంజన్ ఆయిలే, మొత్తం వేడిలో పెద్ద వాటా ఆయిల్ మోస్తుంది, ఆయిల్ కూలర్ మూసుకుపోతే రేడియేటర్ ఎంత కొత్తదైనా లాభం లేదు. సొంతంగా ఆయిల్ తాగే ఇంజన్ ఇది, సీల్స్ తడవడానికి కావాలనే కొంచెం కొంచెం లోపలికి వదుల్తుంది, కాబట్టి డిప్‌స్టిక్ చూడటం మానేస్తే లెవెల్ తగ్గి ఆ వేడి కూడా తోడవుతుంది. నాది తక్కువే ఉంది, దాదాపు ముప్పావు లీటరు పట్టింది. తప్పు నాదే.

తర్వాత బండి రాంపు మీదకెక్కించి కిందకి దూరిన కుర్రాడు అరిచాడు, "భాయ్, కింద ప్లేటు లేదు!" ఇంజన్ కింద ఉండాల్సిన ప్లాస్టిక్ ట్రే. నాకు గుండె ఆగింది. అద్దాల షాపుకి ఫోన్ చేస్తే, "అది రోడ్డుకి తగుల్తుందని తీసేశాం సార్, వేస్ట్ పీస్ అది" అన్నారు. ఎక్కడుంది? "పాత సామానోడికి వేసేశాం." ఈ కారుకి ఆ ట్రే బురద ఆపడానికి మాత్రమే కాదు. ముందు నుంచి వచ్చే గాలి కిందకి జారిపోకుండా రేడియేటర్ గుండానే తోసేది అదే. అది లేకపోతే 100 స్పీడు మీద గాలి సులువు దారి చూసుకుని కింద నుంచి పోతుంది. మొదటిసారి మంగళగిరి దాటాక ఎక్కిన వేడి దూది పుణ్యం, రెండోసారి తాడేపల్లిలోనే ఎక్కింది ఆ 2,500 పుణ్యం.

ఆ 2,500లో రెండో సగం థర్మోస్టాట్. ఇక్కడ భాయ్‌తో నాకు గొడవైంది. ఆయనా అదే అన్నాడు, మన ఎండలకి థర్మోస్టాట్ దేనికండీ, లారీల్లో అందరం తీసేస్తాం అని. నేను వద్దు భాయ్ రోటరీలో తీయకూడదంట అంటే వినలా. తెప్పించిన కొత్త థర్మోస్టాట్ చేతిలో పెట్టా. అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన మామూలు వాల్వు, కింద ఇంకో చిన్న పళ్ళెం. ఈ పళ్ళెం దేనికి అని హౌసింగ్ లోపల వేలు పెట్టి తడిమాడు, అక్కడ కన్నం తగిలింది. నీళ్ళు రేడియేటర్ దాకా పోకుండా ఇంజన్లోనే అడ్డదారిన తిరిగే బైపాస్ అది. వేడెక్కి వాల్వు తెరుచుకున్నప్పుడు ఆ పళ్ళెం కిందకి దిగి బైపాస్ మూస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే ఆ కన్నం ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళు కొన్ని రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి వస్తాయి. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గిన్నెలో నీళ్ళు స్టవ్ మీద పెట్టి, థర్మోస్టాట్ని తీగకి వేలాడదీసి, నా థర్మామీటర్ పెట్టి, 80 దాటాక తెరుచుకోవడం కళ్ళారా చూసి, "బిగించరా" అన్నాడు కుర్రాడితో. నేను గెలిచానని కాదు గానీ, నలభై ఏళ్ళు చేసిన పనిలో తను అనుకున్నది తప్పని చేత్తో తడిమి చూసి ఒప్పుకున్న మనిషిని నేను తక్కువే చూశా.

రేడియేటర్ లోపల బోరు నీళ్ళు వారంలోనే తుప్పు రంగు తిరిగాయి. రాగి రేడియేటర్ అయితే ట్యాంకు ఊడదీసి గొట్టాల్లోకి రాడ్ దూర్చి శుభ్రం చేసేవాళ్ళు, ఇది అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు, లారీలకి వాడే యాసిడ్ పోస్తే తినేస్తుందని ఉత్త నీళ్ళతో వెనక నుంచి ముందుకి రెండు గంటలు పట్టించాడు. తొట్టిలో ముంచితే బుడగ రాలేదు. కింద ట్రే కొత్తది ఇక్కడ దొరకదు కాబట్టి పక్క టింకర్ దగ్గర అల్యూమినియం రేకుతో చేయించారు, అట్ట ముక్క కత్తిరించి కొలత తీసుకుని. అందంగా లేదు, కానీ టైట్‌గా ఉంది, స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం గరగరమంటుంది.

కూలెంట్ పోయడం ఒక పెద్ద తంతు. ముందు చక్రాలు రాంపు మీద ఎత్తుగా పెట్టి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మెల్లగా పోస్తూ, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, లోపల చిక్కుకున్న గాలి బుడగలన్నీ వచ్చేదాకా ఇంజన్ నడపాలి. ఈ పొరల ఇంజన్లో ఎక్కడైనా గాలి ఉండిపోతే అక్కడ నీళ్ళు తగలవు, ఆ పొయ్యి గోడ దగ్గర ఉండిపోతే ఇంక చెప్పేదేముంది. రేకుల షెడ్డు, మధ్యాహ్నం 2 గంటలు, బ్లేజ్‌వాడ ఎండ, పైన హీటర్. నేను సీట్లో కూర్చుని ఫోన్లో నంబర్ చదువుతున్నా, భాయ్ బాటిల్ దగ్గర బుడగలు లెక్కపెడుతున్నాడు. 97 దగ్గర ఫ్యాన్ తిరిగింది, 92కి దిగింది, ఆగింది. మళ్ళీ. మూడో రౌండుకి బుడగ లేదు. నా చొక్కా పిండితే ఇంకో లీటరు వచ్చేది.

ట్రయల్‌కి భాయ్ పక్కన కూర్చున్నాడు, ఎక్కేటప్పుడు "ఇంత కిందకా" అని బాబాయ్ లాగే అన్నాడు. వారధి మీద 86, మంగళగిరి దగ్గర 89, కాజా టోల్ దగ్గర ఏసీ ఫుల్, 100 స్పీడు, 91. అంతకుముందు ఈ టోల్ దాకా రాకముందే ముల్లు లేచిన బండి ఇది. తిరిగొచ్చేటప్పుడు ఒకసారి 8000 దాటించి చూపించా, ఆయన డాష్‌బోర్డు పట్టుకుని "అల్లా" అన్నాడు, తర్వాత చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

డబ్బుల లెక్క: రేడియేటర్ దించడం, క్లీనింగు, టెస్టులు, బిగింపు అంతా కలిపి 4,500. ట్రే 3,200. థర్మోస్టాట్ బయట దేశం నుంచి, కొరియర్‌తో 4,100. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ 1,900. మొత్తం 13,700, నా నీలం కిట్ 2,300 విడిగా. హెడ్ లేని బండికి హెడ్ పని 85 వేలు అన్నారని మళ్ళీ గుర్తు చేయక్కర్లేదనుకుంటా.

ఇంత పొగిడి అయిదు స్టార్లు ఎందుకివ్వట్లేదంటే, సాయంత్రానికి ఇస్తానన్న బండి ఆరో రోజు ఇచ్చాడు. థర్మోస్టాట్ కొరియర్‌కి మూడు రోజులు పోయాయి, అది ఆయన తప్పు కాదు, మిగతావి మాత్రం ఆయనవే, మధ్యలో ఏ లారీ వచ్చినా నా బండి పక్కకి పోయేది, లారీ ఆగితే లోడు ఆగుతుంది మీది ఆగితే ఏమాగుతుంది అంటాడు. ఫోన్ ఎత్తడు. బిల్లు సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిచ్చాడు. బంపర్ కింద అంచు మీద జానెడు గీత పడింది, అడిగితే కుర్రాడు "ముందే ఉంది సార్" అన్నాడు, ముందు లేదు, నా దగ్గర ఫోటో ఉంది, చూపిస్తే భాయ్ 500 తగ్గించాడు, పైన రాసిన 4,500 తగ్గించాకే. బండి ఇచ్చే ముందు ఫోటోలు తీసుకోండి. ఎలక్ట్రికల్ ప్రాబ్లం అయితే అసలు వెళ్ళకండి, ఈ కార్లో కూలెంట్ బాటిల్ అడుగున ఉండే లెవెల్ సెన్సార్ చెడిపోయి ఊరికే లైటు వెలుగుతుంటుంది, దాని సంగతి అడిగితే "టేపు అంటించుకోండి" అన్నాడు. 5కి 4.

బాబాయ్‌కి దూది బొంత ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళి చూపించా. మిల్లు ఓనర్ మీద కేసు వేస్తానన్నాడు కాసేపు. ఇప్పుడు బండి షెడ్డు ముందు వైపు కాకుండా వెనక వైపు, గోడ చాటున పెడుతున్నాం, నెలకోసారి ఆ సందులోకి టార్చి కొట్టి చూడటం ఆయన డ్యూటీ, దానికి మోకాళ్ళు అక్కర్లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్ళండి, వేడి బండి తీసుకెళ్తే చల్లారేదాకా ఆయన మూత ముట్టడు, ఎంత తొందర పెట్టినా సరే. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైంకి షెడ్డు మూసి ఉంటుంది. ఇంతకుముందు ఎవరు ఏం పీకారో దాచకుండా చెప్పండి, రెండోసారి అడిగినప్పుడు కూడా అదే చెప్పండి. టీలు మాత్రం మీరే చెప్పాలి, అయిదు.